అక్కికిని ఆటలమ్మకును గల చుట్టరికము



నాకు ఆఱవయేట ఆటలమ్మ పోసినది. అఱువదియేండ్లు దాటిన పిమ్మట నడుముచుట్టు అక్కి లేచినది. కుమ్మరిచేత జాజు వ్రాయించుకొని, మనుమని ఎప్పటివలెనే ఒడిలో కూర్చుండబెట్టుకొని పాఠము చెప్పుచుంటిని. రెండు వారములు గడచినంతట వానికి ఆటలమ్మ పోసినది. “పంతులుగారూ, ఇది మీవలన వచ్చినదేనండి” అని వైద్యుడనగా నేను నమ్మక ప్రమాణ మడిగితిని. ఆయన చెప్పిన ప్రమాణమునే మీకు విన్నవించెదను.

రోగము వచ్చినవాని నెత్తుట ఆ రోగబీజమును పట్టుకొను ప్రతిరక్షకములు పుట్టును. అవి కంటికి కానరావు. 1941లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆల్బర్టు కూన్సు అను వైద్యుడును ఆయన సహచరులును ప్రతిరక్షకమునకు వెలుగునట్టి రంగు నతికింపవచ్చునని చూపిరి. అయితే రోగి రోగికిని వేర్వేఱుగా రంగు పట్టించుట కష్టము. కావున మఱియొక యుపాయ మేర్పడినది. మానవ ప్రతిరక్షకములను ఒక జంతువునకు సూదితో నెక్కించినచో, వానిని పట్టుకొను రెండవ ప్రతిరక్షకము ఆ జంతువు నెత్తుట పుట్టును. రంగును దీనికే యతికింతురు. మొదటిది దొంగను పట్టుకొన్న తలారి. రెండవది ఆ తలారిని పట్టుకొని నిలిచిన దివిటీవాడు. దివిటీవాడు దొంగ నెఱుగడు, తలారినే యెఱుగును.

1954లో థామస్ వెల్లరును కూన్సును ఈ యుపాయముతోనే మన సంగతిని పరీక్షించిరి. ఆటలమ్మ బీజము సోకిన కణములపైనను, అక్కి బీజము సోకిన కణములపైనను రోగుల నెత్తుటి తేటను పోసి కడిగిరి. పిదప రెండవ ప్రతిరక్షకమును పోసి మరల కడిగి, అతినీలలోహిత కాంతిలో సూక్ష్మదర్శినితో చూచిరి. ఆటలమ్మ రోగి తేట అక్కి కణములను వెలిగించినది. అక్కి రోగి తేట ఆటలమ్మ కణములను వెలిగించినది.

వెలుగొక్కటే ప్రమాణము కాదు. తలారి లేకున్నను దివిటీవాడు గోడ నంటుకొని నిలువవచ్చును. అందుచే బీజము సోకని కణములనొకటి, మొదటి తేట పోయని పలక నొకటి ప్రక్కన నుంచి పరీక్షింతురు. అవి చీకటిగానే యుండవలెను. మన తార్కికులు చెప్పిన అన్వయవ్యతిరేకము లివియే.

బాల్యమున వచ్చిన ఆటలమ్మ బీజమే నరముల మూలమున నిద్రించి, వార్ధకమున అక్కియై లేచును. మా మనుమడు దైవకృపచే కోలుకొన్నాడు. పెద్దలారా, అక్కి లేచినచో పొక్కులు ఎండి చెక్కు కట్టువఱకు బట్టతో కప్పుకొని, ఆటలమ్మ పోయని బిడ్డలకును గర్భిణులకును దూరముగా నుండుడు. మూడు దినములలోపుననే వైద్యుని చూడుడు; మందు అప్పుడే బాగుగా పనిచేయును. నేను చేసిన పొరపాటు మీరు చేయకుందురుగాక.