జైలు లోపల చూసేదెవరు?

(గ్రామ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడల్లోంచి జైలుకు పోయినోళ్లంతా నేరస్తులని ఊళ్లో అంటారు. లెక్క చూడండి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5 లక్షల 73 వేల మంది ఉన్నారు. వాళ్లలో నూటికి 76 మంది విచారణ ఖైదీలు, అంటే నేరం రుజువు కానివాళ్లు. బెయిలు వచ్చినా జామీను పెట్టడానికి పట్టా పాసుపుస్తకం లేక లోపలే ఉండిపోయేది ఎవరు? భూమి లేనోళ్లు. ఆ భూమి లేనోళ్లెవరో ఈ సభలో చెప్పనక్కర్లేదు.

లోపలికి పోయినా కులం వదల్లేదు. రాజస్థాన్ 1951 జైలు నిబంధనల్లో వంటకు బ్రాహ్మణులో పైకులం హిందువులో, పాయిఖానాలకు మెహతర్లూ అని రాసిపెట్టారు. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న ఇలాంటి నిబంధనల్ని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. రాజ్యాంగం వచ్చిన 74 ఏళ్లకు!

తీర్పు వచ్చింది. అమలవుతోందా లేదా చూసేదెవరు? జైలరే చూసి బాగుందంటే, వండినోడే రుచి చూసి బాగుందన్నట్టు. అందుకే జిల్లా న్యాయసేవాధికార సంస్థ, సందర్శకుల మండలి కలిసి తనిఖీ చెయ్యాలని కోర్టు చెప్పింది. ఈ మండలిలో అధికారులే కాదు, అనధికార సందర్శకులూ ఉండాలి. ముందే కబురంపి పోతే బారక్ కడిగి ఉంటుంది, పప్పు చిక్కగా ఉంటుంది. అది తనిఖీ కాదు, పెళ్లిచూపులు. పక్కన సూపరింటెండెంట్ నిలబడితే ఖైదీ నోరు తెరుస్తాడా? జాతీయ మానవహక్కుల కమిషన్ జైలుకు పోవాలంటే ప్రభుత్వానికి ముందు తెలపాలన్న షరతును కూడా 2006లో చట్టం నుంచి తీసేశారు.

బయటివాళ్ల కన్ను పడితే ఏమవుతుందో తీహార్ జైలు చెప్పింది. తోటి ఖైదీని వార్డరు హింసించాడని సునీల్ బాత్రా అనే ఖైదీ జడ్జికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1979 డిసెంబర్‌లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పిచ్చారు. జైళ్లలో ఫిర్యాదు పెట్టెలు పెట్టాలని, వాటిని జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి చూడాలని ఆదేశించారు. మీ జిల్లా జైల్లో ఆ పెట్టె ఉందా? ఎవరు తెరుస్తున్నారు?

మనం చెయ్యాల్సిన పనులు ఇవి.

ఒకటి. సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. సందర్శకులు ఎవరు, ఏ తేదీన వచ్చారు, పుస్తకంలో ఏం రాశారు అని అడగండి. దారిద్ర్యరేఖ కింద ఉన్నోళ్లకు ఫీజు లేదు.

రెండు. అనధికార సందర్శకుల్లో దళితులు, ఆదివాసులు, ఆడవాళ్లు ఉండాలని కలెక్టరాఫీసు ముందు కూర్చోండి.

మూడు. ఎస్సీ, ఎస్టీలకు, జైల్లో ఉన్న ఎవరికైనా సర్కారు ఖర్చుతో వకీలును పెట్టాలి. 15100కు ఫోన్ చెయ్యండి.

నాలుగు. జైల్లో మనిషి చనిపోతే 24 గంటల్లో మానవహక్కుల కమిషన్‌కు తెలపాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి. ఆ విచారణకు బంధువుల్ని రానివ్వాలి. ఇవి అడక్కుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యొద్దు.

ములాఖత్‌కు పోయే తల్లులకు లోపలి సంగతులు ముందు తెలుస్తాయి. బిడ్డ చిక్కిపోయాడా, ఒంటి మీద దెబ్బలున్నాయా, మందులిస్తున్నారా, ఎవరిచేత పాయిఖానా కడిగిస్తున్నారు? వాళ్లను అడిగి రాసుకోండి. తేదీ వెయ్యండి. వచ్చే సమావేశానికి ప్రతి వాడ నుంచీ ఆ కాగితం రావాలి.

జై భీమ్!