జాబుతో వైద్యము

వైద్యుడనగానే మనకు మొదట స్ఫురించునది రోగి మణికట్టుపై ఆనించిన మూడు వ్రేళ్లు. నాడి చూడక మందిచ్చువానిని మన పెద్దలు వైద్యుడనరు. మందుకంటె హస్తవాసి గొప్పదని మన నమ్మకము. అట్లుండగా, రోగి మొగమైనను చూడక, ఎంతో దూరమునుండి, ఉత్తరము చదివి చికిత్స చెప్పిన ఘనవైద్యులు ఉండిరనిన వింతగా తోచును.

18వ శతాబ్దమున ఐరోపా ఖండమందు ఇది వింత కాదు, వాడుకలోనున్న ఆచారము. స్కాట్లండులోని ఎడింబరో నగరమున విలియం కల్లెన్ (1710–1790) అను వైద్యాచార్యుడుండెను. రోగులు, వారి బంధువులు, దూరప్రాంతముల వైద్యులు ఆయనకు జాబులు వ్రాసెడివారు. ఆయన ఆహారవిహారములు, పథ్యము, మందు నిర్ణయించి ప్రత్యుత్తరము పంపెడివాడు. ఆవిరియంత్రమును సంస్కరించిన జేమ్స్ వాట్ ఉత్తరములకు నకలు తీయు యంత్రమునొకదానిని కూడ కనిపెట్టెను. 1781 నుండి కల్లెన్ దానితో తన జాబులకు నకళ్లు తీసి దాచుకొనెను. వేలకొలది ఆ కాగితములు నేటికిని ఎడింబరోలో భద్రముగా నున్నవి.

ఇది ఎట్లు సాధ్యమైనది? ఆ కాలమున స్టెతస్కోపు లేదు. అది 1816లో పుట్టినది. నేటివంటి రక్తపరీక్షలును లేవు. రోగి ఎదుట కూర్చున్నను, వైద్యునికి ముఖ్యాధారము అతడు చెప్పుకొను కథయే. ఆ కథ నోటితో చెప్పిననేమి, కలముతో చెప్పిననేమి? అయితే దానిని సరిగా చెప్పుటయే కష్టము. అందుచేతనే స్విట్జర్లండులోని లోజాన్ నగరవైద్యుడు టిస్సో, 1761లో సామాన్యజనులకొరకు ప్రకటించిన గ్రంథమున, వైద్యుని సలహా కోరువారు సమాధానము చెప్పవలసిన ప్రశ్నలను వరుసగా వ్రాసి యిచ్చెను. వయస్సెంత? జబ్బు ఎన్నాళ్లనుండి? ఎట్లు మొదలైనది? నిద్ర, ఆకలి ఎట్లున్నవి? ఇంతవరకు ఏ మందులు వాడిరి? ఇట్టివి ఆ ప్రశ్నలు.

మన దేశమున ఇట్టి వ్యవహారమునకు బాట వేసినది తపాలా. 1854లో అర్ధణాకు దేశమందెచటికైనను జాబు పంపు వీలు కలిగెను. 1877లో వి.పి. పార్సెలు, 1879లో కాలణా కార్డు వచ్చెను. మందు చేతికందిన పిమ్మటనే పోస్టుమానుకు పైకము చెల్లింపవచ్చును. వైద్యునియెదుట నోరు విప్పలేని స్త్రీకి జాబు ఒక అండ. కాని చదువురానివారు ఇంకొకరిచేత వ్రాయించుకొనవలెను. అపుడా రహస్యము మూడవ చెవిని పడును. అడుగవలసిన అసలు మాట జాబులోనికి ఎక్కకయే నిలిచిపోవును.

ఇక మన భావనపాడు రేవును తలచుకొందము. ఈ తీరమునుండి మత్స్యకారులు బ్రతుకుతెరువునకై గుజరాతులోని వెరావల్ వరకు పోవుదురు. ఇల్లొకచోట, మనిషి ఒకచోట, తెలిసిన వైద్యుడు వేరొకచోట. నేడు జాబు స్థానమున ఫోను వచ్చినది. 2019లో ప్రభుత్వము ‘ఈ-సంజీవని’ని ప్రారంభించినది. 2020 మార్చి 25న వెలువడిన నిబంధనలు మాటద్వారా, దృశ్యముద్వారా, వ్రాతద్వారా కూడ వైద్యసలహా నీయవచ్చునని అంగీకరించినవి. అనగా పాత జాబు కొత్త వేషమున తిరిగి వచ్చినదన్నమాట.

దానితోపాటు పాత చిక్కును వచ్చినది. భావనపాడునకు ఉత్తరముగా వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతములలో, కొబ్బరి జీడితోటల నడుమ, మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబములను క్రుంగదీసినది. దాని మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. మొదటి దశలో అది తరచు నొప్పియైనను చూపదు. నొప్పి యెరుగనివాడు జాబులో ఏమి వ్రాయును? కల్లెన్ అంతవాడైనను, రోగికే తెలియని రోగమును ఎట్లు చదువగలడు? దానిని తెలుపునవి మూత్రపరీక్ష, రక్తములోని క్రియాటినిన్ పరీక్ష. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభింపబడినవి. ఒంట్లో బాగున్నదని పరీక్షను వాయిదా వేయుట ఈ సీమలో తగదు.

దూరమునుండి సలహా కోరువారు టిస్సో మార్గమున ముందుగా ఒక కాగితముపై నాలుగు మాటలు వ్రాసి పెట్టుకొనిన మేలు. బాధ ఎన్నాళ్లనుండి? కడపటి పరీక్ష ఏ తేదీని, అందలి అంకె యెంత? వాడుచున్న మందులేవి? ఒళ్లునొప్పులకని దుకాణమున కొనుక్కొన్న మాత్రలను కూడ అందు చేర్చవలెను. అవి మూత్రపిండములకు చెరుపు చేయవచ్చును. చాలమంది వైద్యునికి చెప్పుట మరచునవియు అవియే. వైద్యుడు చెప్పినదానిని తిరిగి ఆయనకే వినిపించి సరిచూచుకొనవలెను. ఊపిరి ఆడకున్నను, ముఖము కాళ్లు వాచినను, మూత్రము తగ్గినను ఫోనుతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

కల్లెన్ తన జాబుల నకళ్లను దాచుకొనినట్లే మనమును మన పరీక్షల కాగితములను ఒక్క సంచిలో దాచుకొందము. అవతలి వైద్యుడు మన నాడి చూడలేనపుడు ఆయనకు ఆధారము ఆ కాగితములే.