గోలీలు అయినయా అక్కా?

(సమాఖ్య వార్షిక సమావేశంలో ఒక గ్రూపు లీడర్ మాట్లాడిన మాటలు)

నేను పదో తరగతి వరకే చదివిన. డాక్టరమ్మ లెక్క చెప్పరాదు. మా గ్రూపుల జరిగింది చెప్త.

మా గ్రూపుల బీడీలు చేసే ఒక అక్కకు టీబీ వచ్చింది. ఆమె చెప్పుమంటేనే చెప్తున్న, పేరు మాత్రం చెప్పను. సర్కారు దవాఖానల మందులు మొదలుపెట్టిండ్రు. రెండు నెలలకు దగ్గు తగ్గింది, ఆకలి అయింది. మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డ సంగతి అందరికీ ఎరుకే. చెరుకు కొట్టుడు పనికి ఆమె ఇంటాయనతోని దూరం పోయింది. గోలీలు ఆగినయి. తిరిగి వచ్చినంక పొదుపు కట్టింది, కిస్తీ కట్టింది. మేము పైసలు లెక్కపెట్టుకున్నం గాని, "గోలీలు అయినయా అక్కా?" అని ఒక్కళ్లం అడగలే.

కొన్ని నెలలకు మళ్లా దగ్గు, సాయంత్రం జ్వరం. ప్రైవేటుల సూదులు, దగ్గు మందు. గ్రూపుల తీసుకున్న ఆరు వేలు దానికే పోయినయి. అప్పు పుస్తకంల "ఇంటి ఖర్చు" అని రాసింది నేనే.

చివరికి ఆశా అక్క తెమడ డబ్బా ఇచ్చి పరీక్షకు పంపింది. రెండు సంగతులు తేలినయి. టీబీ ఉన్నది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పని చేస్తలేదు.

టీబీకి నాలుగు మందులు కలిపి ఎందుకు ఇస్తరంటే, ఒక మందుకు లొంగని క్రిమిని ఇంకో మందు చంపుతది. మధ్యల ఆపితే లొంగనివి మిగిలి, అవే పెరుగుతయి. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెండింటికీ లొంగకపోతే దాన్ని ఎండీఆర్ టీబీ అంటరు. ఇంకో మాట గుర్తు పెట్టుకోండ్రి. ఈ మొండి క్రిమి దగ్గుతోని గాలిల కలిసి, ఒక్క గోలీ మింగని పసిపిల్లకు కూడా అంటుకోవచ్చు. తప్పు చేసినోళ్లకే వస్తదని అనుకోవద్దు.

మైక్రోస్కోపుల చూస్తే క్రిమి కనిపిస్తది గాని, అది మందుకు లొంగుతదా లేదా తెల్వదు. సీబీనాట్, ట్రూనాట్ మిషన్లు ఆ సంగతి కొన్ని గంటల్లనే చెప్తయి. మిగతా మందుల సంగతి తెలుసుకోవడానికి తెమడను పెద్ద ల్యాబుకు పంపుతరు. టీబీ తేలిన ప్రతి మనిషికి రిఫాంపిసిన్ పరీక్ష చేయాలన్నది సర్కారు నియమం. అందుకని "మందు పని చేస్తదా లేదా చూసిండ్రా?" అని మనమే అడగాలె. తెమడ ఇచ్చేటప్పుడు ఉమ్మి కాదు, పొద్దుగాల లోపలి నుంచి దగ్గి తీసింది ఇయ్యాలె.

ఆ అక్కకు మందులు మార్చిండ్రు. వాంతులు, కాళ్ల తిమ్మిర్లు, చాన తిప్పలు పడ్డది. ఈసారి మాత్రం మేము వంతులేసుకొని రోజూ ఇంటికి పోయినం. ఇంట్ల అందరికీ పరీక్షలు చేయించినం. మొన్న ఆఖరి పరీక్షల క్రిమి కనిపించలే. ఆమె రెండు కిస్తీలు బాకీ ఉన్నది. ఆగుదామని తీర్మానం రాసుకున్నం.

సమాఖ్యకు నేను అడిగేది ఇదే. ప్రతి గ్రూపు మీటింగుల పొదుపు రాసినంక రెండు మాటలు అడగాలె. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరింట్లనన్న ఉన్నదా? టీబీ మందులు వాడేటోళ్లకు ఆగకుండ అందుతున్నయా? పనికి వేరే ఊరు పోయేటోళ్లు ముందుగాల దవాఖానల చెప్తే మందులు అక్కడికి మార్పిస్తరు. పరీక్షలు, మందులు ఉచితం. తిండి కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాల వేస్తరు, 2024 నవంబర్ దాకా అది 500 ఉండె. ఖాతా నంబరు ఇయ్యక పోగొట్టుకోవద్దు.

కిస్తీ తప్పితే ఇంటికి పోయి అడిగేటోళ్లం మనం. గోలీ తప్పినా గట్లనే పోదాం.