వణకు చక్రము



నేను ముప్పదియేండ్లు పిల్లలకు తెలుగును, సంస్కృతమును జెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. యంత్రశాస్త్ర మెరిగినవాడను గాను. అయినను నేడు మోటారుబండి వణకును గూర్చి మాటలాడ సాహసించుచున్నాను. ఏలయన, ఈ విషయమున నేను జేసిన పొరపాటు తర్కము చదివినవాడు చేయదగినది కాదు. మీలో పలువురి యిండ్లలో బండ్లున్నవి. నా పొరపాటు మీకైన నుపకరించును గాక.

మా యింట నొక పాత అంబాసిడరు కారు కలదు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు బండిని మాదిరిగా గొని, పశ్చిమ వంగమున ఉత్తరపారాలో ఈ జాతి బండ్లు తయారయ్యెడివి. 2014లో ఆ తయారీ నిలిచిపోయెను. మా బండి రెండేండ్లు కొట్టములో కదలక నిలిచియుండెను. పిదప నేనును నా భార్యయు దానిలో ఒంగోలునుండి నెల్లూరునకు బయలుదేరితిమి. జాతీయ రహదారిపై వేగము గంటకు 70 కిలోమీటర్లు దాటగనే స్టీరింగు నా చేతులలో చలిజ్వరము పట్టినట్లు వణకసాగెను. 60కి తగ్గింపగా నిమ్మళించెను. నా భార్య యేమియు ననలేదు గాని, తలుపుపిడిని పట్టుకొన్న చేతిని ఇల్లు చేరువరకు విడువలేదు.

మరునాడు బండి నొక మరమ్మతుశాలకు గొనిపోతిని. వారు దానిని నడిపి చూడకయే అలైన్‌మెంటు చెడినదనిరి. చేయించితిని, వణకు పోలేదు. మరియొకచోట ముందరి షాకబ్సార్బర్లు మార్చుమనిరి. మార్పించితిని, పోలేదు. ఒక నెల పింఛను కరగిపోయెను. ఇక బండిని పాత ఇనుము క్రింద అమ్మివేయ నిశ్చయించితిని.

అప్పుడు మా వీధి చివరనుండు వృద్ధుడగు మిస్త్రీ యొకడు, బండిని ముట్టకయే నన్ను ప్రశ్నింప మొదలిడెను. "పంతులుగారూ, వణుకు మీ చేతులకు తెలుస్తున్నదా, కూర్చున్న చోట తెలుస్తున్నదా? ఎప్పుడూ ఉన్నదా, బ్రేకు తొక్కినప్పుడేనా? గేరు తీసి, ఇంజను ఆపకుండా దొర్లనిస్తే పోతున్నదా?"

నేను సిగ్గుపడితిని. ఏది యున్నప్పుడు ఏది యుండునో, ఏది లేనప్పుడు ఏది లేకపోవునో చూచి కారణమును నిర్ణయింపవలెనని అన్వయవ్యతిరేకములను బాలురకు బోధించిన నేను, నా బండి విషయమున ఎవరేమన్న దానిని నమ్మితిని!

ఆ ప్రశ్నల తత్త్వ మిది. వణకు స్టీరింగున దోచినచో తప్పు సాధారణముగా ముందరి చక్రములయందుండును. ఆసనమున దోచినచో వెనుక చక్రములయందో, ప్రొపెల్లర్ షాఫ్టునందో యుండును. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వచ్చునది, బ్రేకు డ్రమ్ము గుండ్రదనము చెడినదనుటకు గుర్తు. ఖాళీ రహదారిపై గేరు తీసినను వణకు నిలిచియున్నచో దోషము ఇంజనులో లేదు. అలైన్‌మెంటు చెడినచో బండి యొకప్రక్కకు లాగును, టైరు వంకరగా నరుగును. తరచుగా వణకు మాత్రము పుట్టదు.

మరి వేగముతోనే ఏల కనబడును? ఎద్దుబండి చక్రము కొంచెము వంకరయైనను ఎద్దుల నడకలో మనకు దెలియదు. మోటారు చక్రమో, 80 కిలోమీటర్ల వేగమున సెకనుకు పదిమార్లకు పైగా తిరుగును. రిమ్ము అంచున 60 గ్రాముల బరువొకవైపు హెచ్చుగా నున్నచో, ఆ వేగమున నది ఇంచుమించు అయిదు కిలోల బలముతో చక్రమును నలువైపులకు లాగుచుండును. వేగము సగమైనచో ఆ బలము నాలుగవ వంతే యగును.

మిస్త్రీ బండిని చదునైన నేలపై నిలిపి, వెనుక చక్రములకు రాళ్లు పెట్టి, జాకీతో ముందుభాగ మెత్తి, దిట్టమైన దిమ్మలపై నిలిపెను. సుద్దముక్కను టైరుకు చేరువగా బట్టి చక్రమును మెల్లగా త్రిప్పెను. ఎడమచక్రమున సుద్ద యొకచోట తాకక దూరముగా నుండెను. రెండేండ్లు కదలక నిలిచిన బరువునకు టైరు అచ్చట చదునై, అట్లే బిగిసిపోయినది. టైరుపై గాడులు లోతుగానే యున్నవి గాని, ప్రక్కనున్న నాలుగంకెలు 2312. అనగా 2012వ సంవత్సరము, 23వ వారమున తయారైనది. నేను గాడులను జూచితిని, వయస్సును జూడలేదు.

అంతటితో నతడు తృప్తిపడలేదు. ఆ చక్రమును వెనుకకు మార్చి నన్ను నడుపుమనెను. స్టీరింగు నిశ్చలమయ్యెను, ఆసనము వణకెను. కారణము ఋజువయ్యెను.

పిమ్మట ముందరి చక్రములను మీదును క్రిందును బట్టి ఊపెను. బేరింగులు బిగువుగా నుండెను. కుడియెడమల బట్టి ఊపగా ఎడమవైపున టక్కుమని చప్పుడయ్యెను. టై రాడ్డు చివరి కీలు అరిగి వదులైనది. చక్రమును త్రిప్పునది ఆ కీలే. అది రహదారిపై ఊడినచో బండి నా చేతిలో నుండదు. వణకుట నేరమనుకొంటిని గాని, అదియే మమ్ము హెచ్చరించినది.

టైర్లు మార్చి, సీసపు బిళ్లలతో చక్రముల బరువు సరిచేయించి, కీలును క్రొత్తది వేయించితిని. తరువాత మేము మరల నెల్లూరు పోతిమి. 80 వేగమున నా భార్య చేయి ఒడిలోనే యుండెను.

శ్రోతలారా! స్టీరింగు వణకిన నాడు వేగము తగ్గింపుడు; వాయిదా వేయకుడు. మొదట టైర్ల గాలిని, వయస్సును, గుండ్రదనమును, కీళ్లను జూపింపుడు. నడిపి చూడక రోగము పేరు చెప్పువానికి సొమ్మీయకుడు.