గుడి ట్రెండ్ అయింది, మాట కామెడీ అయింది: శ్రీముఖలింగం నుంచి

ఈసారి రూమ్‌లో కూర్చుని కాదు, శ్రీముఖలింగం వచ్చి, మధుకేశ్వరస్వామి గుడి బయట కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. వంశధార ఇక్కడికి దగ్గరే. గాలి బాగా వేస్తోంది, మైక్‌లో బరబరమని వినిపిస్తే కొంచెం సర్దుకోండి.

పొద్దున్న నేను కెమెరా స్టాండ్ వేసుకుంటుంటే ఇద్దరు కుర్రాళ్ళు బైక్ మీద వచ్చారు. వైజాగ్ నుంచట. "అన్నా, తండేల్ పాటలో గుడి ఇదేనా?" అన్నారు. పాటలో చూపించింది ఈ ఊరి శివరాత్రే గానీ, తీసింది మాత్రం సెట్‌లో అని చెప్పాను. ఒకబ్బాయి గుడి వైపు ఓసారి చూసి, "అయితే ఆ సెట్ ఎక్కడుందన్నా?" అన్నాడు.

నవ్వొచ్చింది నాకు. తర్వాత చాలాసేపు అదే ఆలోచించాను. ఈరోజు మాట్లాడబోయేది దాని గురించే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. తండేల్ 2025 ఫిబ్రవరిలో వచ్చింది. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకెళ్ళి పాకిస్తాన్‌కి పట్టుబడిన మన శ్రీకాకుళం మత్స్యకారుల కథ ఆధారంగా తీశారు. వాళ్ళు 2020 జనవరిలో విడుదలై వచ్చారు. అందులో శివశక్తి పాట ఒకటుంది. దానికి శ్రీముఖలింగం శివరాత్రి ఉత్సవమే స్ఫూర్తి అని సినిమావాళ్ళే చెప్పారు. పెద్ద సెట్, వందలమంది డాన్సర్లు. పాట బాగుంది, నేనూ చాలాసార్లు విన్నాను. నాగచైతన్య మన యాస ప్రత్యేకంగా నేర్చుకున్నారని ప్రమోషన్స్‌లో చెప్పారు. అదీ మంచిదే. కాబట్టి సినిమా మీద నాకేం కోపం లేదు. సినిమా అన్నాక సెట్ వేస్తారు.

కాకపోతే ఇక్కడికొచ్చేవాళ్ళు ఇప్పుడు జేబులో ఒక బొమ్మ పెట్టుకుని వస్తున్నారు. ఆ బొమ్మతో పోల్చి గుడిని చూస్తున్నారు. "చిన్నగా ఉందే" అంటున్నారు. ఇది కళింగనగరం అండీ, తూర్పు గంగరాజుల రాజధాని. పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడి కాలంలో రాజధాని ఇక్కణ్ణుంచి కటకానికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఇది ఊరు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు మిగిలారు.

ఆ బొమ్మలో కనిపించని కథ ఇంకోటుంది. మధూకం అంటే ఇప్పచెట్టు. సవరలు ఇప్పచెట్టు నరికితే దాంట్లో శివుడి ముఖం కనిపించిందని, అందుకే ఈయన ముఖలింగమని స్థలపురాణం. అంటే ఈ గుడి కథ మొదలయ్యేదే అడవిలో, సవరవాళ్ళ దగ్గర. మీ ఫోన్‌లో గుడి పేరు వెతికితే డ్రోన్ షాట్లు బోలెడు వస్తాయి. సవరలు వచ్చే వీడియో కోసం కిందికి స్క్రోల్ చేస్తూనే ఉండాలి. శివరాత్రి ఉత్సవాల చివర్లో చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి జనం వస్తారు, ఏటిగట్టు నిండిపోతుంది. అది నేను చిన్నప్పట్నుంచి చూస్తున్నా.

ఇది ఫోన్‌తో మొదలైన గొడవ కూడా కాదు. ఈ గుడి గోడలు చూడండి, శాసనాలే. వాటిలో చాలావాటిలో ఏముంటుందంటే, ఫలానా ఆయన స్వామికి అఖండదీపం పెట్టించాడు, దాని ఖర్చుకి ఇంత ఇచ్చాడు అని. ఒకరకంగా ఆ కాలం పోస్టులు అనుకోండి. దీపానికి డబ్బిచ్చినవాడి పేరు వెయ్యేళ్ళ తర్వాత కూడా చదువుతున్నాం. రోజూ ఆ దీపంలో నూనె పోసినవాడి పేరు రాతి మీద వెతికితే దొరకదు. రాయి కూడా మీడియానే, దానికీ ఖర్చవుతుంది.

ఆ రాళ్ళని చదవడం తనకు తానే నేర్చుకున్నాయన ఒకాయన ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి గారు. 1863 ఆగస్టు 29న ఇక్కడికి దగ్గర్లోనే పర్వతాలపేటలో పుట్టారు. మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆ తేదీనే. పర్లాకిమిడిలో బడి మేష్టారుగా పనిచేస్తూ, కళింగనగరం అంటే ముఖలింగమే అని వాదించారు. సవరల్ని ఇంటికి పిలిచి, వాళ్ళ దగ్గర సవర భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి పుస్తకాలు రాశారు, తర్వాత నిఘంటువు చేశారు. ఇంకోపక్క, పుస్తకాల్లో తెలుగు మనుషులు మాట్లాడుకునేలా ఉండాలని పోరాడారు. 1919లో దానికోసమే 'తెలుగు' అని పత్రిక పెట్టారు. అప్పట్లో బడి పుస్తకాల తెలుగు ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగు మరి.

ఆయన గెలిచారు, సందేహం లేదు. ఈరోజు పేపర్లు, న్యూస్, నేను చదివే ఈ స్క్రిప్ట్ అన్నీ వ్యావహారికమే. కానీ ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళ వాడుక. అది పేపర్లోకి, రేడియోలోకి, సినిమాలోకి వచ్చేసరికి ఎక్కువగా కృష్ణా, గోదావరి వైపు వాడుక అయి కూర్చుంది. వంశధార ఒడ్డున పుట్టినాయన వాడుక భాష కోసం పోరాడితే, వంశధార ఒడ్డు వాడుక మాత్రం బయటే ఉండిపోయింది. సినిమాలో దానికి చాన్నాళ్ళు పనిమనిషి వేషమో, కమెడియన్ వేషమో ఇచ్చారు. నాకు ఈ ఊళ్ళో కూర్చున్నప్పుడల్లా గుర్తొచ్చేది ఇదే.

పాటలకీ ఇంతే. వంగపండు ప్రసాదరావు గారిది పార్వతీపురం వైపు. శ్రీకాకుళం కొండల పోరాటానికి రమ్మని పిలిచే ఆయన పాట అందరికీ తెలుసు. ఆ పల్లవి 2009లో మగధీరలో ఓ హుషారైన డాన్స్ పాటలో వినిపించింది. మా హాస్టల్లో దానికి డాన్స్ వేసినవాళ్ళల్లో నేనూ ఉన్నాను. అది ఏ కొండల గురించో అప్పుడు నాకూ తెలీదు. పార్వతీపురం మా ఊరికి ఎంత దూరమనీ?

సరే, ఇప్పుడు నా సంగతి. ఇది చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆగాను.

మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. బీటెక్‌కి వెళ్ళాక నా యాస పోయింది. ఎవరో తిట్టి మాన్పించలేదు. "నేదు" అన్నప్పుడల్లా పక్కవాడు నవ్వితే నాలుక దానంతటదే "లేదు" అనడం నేర్చుకుంది. తర్వాత హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ తర్వాత ఈ ఛానల్. మొదటి ఏడాది వ్యూస్ లేవు. అప్పుడు మా మామ్మ మాట్లాడుతుంటే ఫోన్‌లో తీశాను. తన చిన్నప్పుడు వంశధారకి వరదొచ్చిన రాత్రి గురించి చెప్తోంది. నలభై నిమిషాలు. నీళ్ళు ఎలా ఎక్కాయో, వాళ్ళ నాయన గేదెల పలుపులు కోసి ఎలా వదిలేశాడో, పొద్దున్నకి ఏవీ మిగల్లేదో. చెప్తూ చెప్తూ దేవుణ్ణి ఓ తిట్టు తిట్టింది. గట్టిగా, మా యాసలో.

నేను ఆ తిట్టు దగ్గర ఇరవై సెకన్లు కోశాను. వెనకాల నవ్వుల సౌండ్ పెట్టాను. "మా మామ్మ పంచ్" అని టైటిల్ పెట్టి వదిలాను. వేరేవాళ్ళెవరో కాదండీ, నేనే చేశాను.

నా ఛానల్లో అంతకుముందు ఏ వీడియోకీ రానన్ని వ్యూస్ దానికి వచ్చాయి. కామెంట్లన్నీ నవ్వే బొమ్మలు. మా పక్కింటి పిల్లడు మామ్మకి చూపించాడు. సాయంత్రం ఫోన్ చేసింది. "ఏట్రా, గేదెలు కొట్టుకుపోతే నవ్వుతన్నారేటి ఆళ్ళు?" అంది. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగింది. నేనేమో సినిమావాళ్ళు యాసని కామెడీ చేశారని అంతకుముందే రెండు ఎపిసోడ్లు చేసి ఉన్నాను.

ఆ క్లిప్ తీసేశాను. కానీ అప్పటికే దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని వేరే పేర్లతో పెట్టుకున్నారు, ఇప్పటికీ తిరుగుతోంది.

ఇంజనీర్‌గా పనిచేశాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను. ఏం చూపించాలో నిర్ణయించే ప్రోగ్రామ్‌కి శ్రీకాకుళం అంటే ఏంటో తెలీదు. జనం ఎక్కడ ఆగారు, ఎక్కడ మళ్ళీ చూశారు అన్నదే లెక్క. యాస వినగానే నవ్వడానికి ఆగేవాళ్ళు ఎక్కువైతే అలాంటివే ఇంకా చూపిస్తుంది. అది చూసి ఇక్కడి కుర్రాళ్ళు కూడా యాసని కొంచెం సాగదీసి, కామెడీగా చేసి పెడతారు. అలా పెడితేనే చూస్తారని వాళ్ళకి తెలుసు. కొన్నాళ్ళకి బయటివాళ్ళు మనల్ని ఎలా చూస్తున్నారో మనం అలాగే మాట్లాడటం మొదలెడతాం. ఈ చివరి ముక్కే నాకు ఎక్కువ భయం.

మాటని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ది ఇంకో తమాషా. దానికి నేర్పేది అప్పటికే రికార్డయి, రాసిపెట్టి ఉన్న మాటలతో. న్యూస్ తెలుగు దానికి ఎక్కువ దొరుకుతుంది, మా మామ్మ తెలుగు దొరకదు. ఆ నలభై నిమిషాల ఆడియో మొత్తం అలాంటి ఒకదాంట్లో వేసి చూశాను. "తొంగున్నాం" అంటే, అంటే పడుకున్నాం అని, దాన్ని "తొంగి ఉన్నాం" అని రాసింది. "వచ్చీసినాయి" అన్నచోట ఖాళీ వదిలేసింది. వరద ఇంట్లోకి వచ్చేసిన వాక్యం అది. రేపెప్పుడో ఎవరైనా వంశధార వరద గురించి వెతికితే, అక్షరాల్లో లేని మాట వాళ్ళకి దొరకదు. దీపంలో నూనె పోసినాయన సంగతి ఇందాక చెప్పానే, మా మామ్మదీ అదే వరస అయ్యేలా ఉంది.

అందుకని పోయిన నెల ఊరెళ్ళి మామ్మని అడిగాను, మొత్తం పెట్టమంటావా అని. "నవ్వులు పెట్టకుండా పెడతావేటి?" అంది. పెట్టనన్నాను. "ఐతే పెట్టీ" అంది. ఇంకో షరతు కూడా పెట్టింది. తిట్టు మాత్రం తీసెయ్యమంది, శివుడికి వినపడతాదట.

ఆ నలభై నిమిషాలూ వచ్చే ఆదివారం వస్తుంది. తిట్టు తీసేశాను కాబట్టి నలభైకి కొన్ని సెకన్లు తక్కువ. సబ్‌టైటిల్స్ నేనే టైప్ చేశాను, పదకొండు రాత్రులు పట్టింది. "నేదు" అని ఉన్నచోట తప్పు అని కామెంట్ పెట్టకండి, కావాలనే అలా ఉంచాను. "తొంగున్నాం" కూడా అలాగే ఉంచాను.

గాలి ఇంకా పెరిగేలా ఉంది, కెమెరా స్టాండ్ ఊగుతోంది. ఉంటానండీ.