పడవలో ఎవరున్నారు?
(బీర్కూరులో చేసిన ప్రసంగము)



మంజీర ఒడ్డున పెరిగిన బీర్కూరు వారికి పడవను గూర్చి చెప్పుట సాహసమే. అయినను అమెరికా దేశపు ఇద్దరు పడవ పందెగాండ్ర సంగతి మీ యెదుట ఉంచగోరుచున్నాము. వారు కామెరాన్, టైలర్ వింకిల్‌వాస్ అను కవల సహోదరులు. 2008లో బీజింగు ఒలింపిక్సునందు, ఇద్దరు చెరియొక తెడ్డు వేయు పందెములో ఆరవ స్థానము పొందిరి.

ఆ పందెము 2000 మీటర్లు. తెడ్డు వేయువారు గమ్యమునకు వీపు పెట్టి కూర్చుందురు. పడవ బోల్తాపడినచో తడియునది వారిద్దరే.

తరువాత వారు 2012లో పెట్టుబడుల సంస్థ స్థాపించిరి. బిట్‌కాయిన్ అను, చేతికి తగలని కంప్యూటరు నాణెములను కొనిరి. 2013లో తమయొద్ద సుమారు 1 కోటి 10 లక్షల డాలర్ల విలువగలవి ఉన్నవని ప్రకటించిరి. వాటి ధర ఎన్నోసార్లు పడి లేచినను, వారు గొప్ప ధనికులైరి.

ఇంతవరకు అది వారి సొంత పడవ. 2014లో జెమినై అను నాణెముల మారకపు సంస్థ పెట్టిన పిమ్మట పరులును ఆ పడవ ఎక్కిరి. వడ్డీ వచ్చునని నమ్మి, ఆ సంస్థ ద్వారా తమ నాణెములను మరియొక కంపెనీకి అప్పిచ్చిరి. 2022 నవంబరులో ఆ కంపెనీ చెల్లింపులు ఆపగా, సుమారు 3,40,000 మంది సొమ్ము చిక్కుకొనెను. 2024లో గాని అది వారికి తిరిగి ముట్టలేదు.

ఈ సంగతి మాకు దూరపుది కాదు. కొన్నేండ్ల క్రితము ఒక విధవరాలు, కుమారుడు గల్ఫునుండి పంపిన సొమ్ము ఏమి చేయవలెనని మమ్మును అడిగినది. మేము కట్టుచున్న చిట్టీలోనే కట్టుమంటిమి. ఆ చిట్టీ మునిగిపోయెను. మా నష్టము మరచితిమి, ఆమె నష్టము మరువలేకున్నాము. ఆమె మమ్మును ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బరువు.

యౌవనులారా, గల్ఫు ఎండలో వెన్ను వంచినవారికి రెండవ బ్రతుకుతెరువు వలయును. ఫోనులో షేర్లు కొనుట తప్పనము. సొంత సొమ్ముతో సాహసము చేయవచ్చును. కాని తల్లి దాచినది, చెల్లెలి పెండ్లికి ఉంచినది, సంఘపు చందా మీ చేతికి వచ్చినప్పుడు మీరు పందెగాండ్రు కారు, పుట్టి నడుపువారు. పుట్టి నడుపువాడు ఆవలి ఒడ్డును చూచుచు నడుపును. ఎక్కినవారిని లెక్కించుకొనును. ఏరు పొంగిన దినమున కూలి పోయినను పుట్టిని ఒడ్డున కట్టివేయును.

తలాంతుల ఉపమానములో దాసుల చేతి సొమ్ము కూడ యజమానునిదే గదా! తెడ్డు ఎత్తుటకు ముందు ఒక్కసారి పడవలోనికి చూచు మెలకువను ప్రభువు మనకు దయచేయును గాక.