ఆవిరి ట్రాలరు: వేటయందును యుద్ధమందును



మన రామగుండము, గోదావరిఖని ప్రాంతమున సముద్రము కానరాదు. మన మెఱిగినవి గోదావరి చేపలు, చెఱువు చేపలు. అయినను నేడొక సముద్రనావ కథ చెప్పదలచితిని. ఏలయన, ఆ నావను నడిపినది మన బాయిలో త్రవ్వునట్టి రాక్షసిబొగ్గే.

దాని పేరు ఆవిరి ట్రాలరు. అంతకు పూర్వము తెరచాపనావలు గాలి పడిపోయినచో కదలకుండెడివి. 1881లో ఇంగ్లండున జోడియాక్ అను ఆవిరి ట్రాలరును చేపలవేట కొఱకే నిర్మించిరి. కొలిమికడ నొకడు నిలిచి పారతో బొగ్గు వేయుచుండును. ఆ వేడికి నీరు ఆవిరియై యంత్రమును త్రిప్పును; వలత్రాళ్లను చుట్టు రాట్నమును గూడ త్రిప్పును. వల పెద్దసంచి వంటిది. దాని నోటి కిరుప్రక్కల రెండు బరువైన పలకలుండును. నావ యీడ్చుచుండగా నీటి యొత్తిడికి అవి ఎడమై వలనోటిని తెఱచియుంచును. కొన్ని గంటలు సముద్రపుటడుగున నీడ్చి, వల పైకి లాగి, చేపలను మంచులో నిలువచేసి, మరల వల వేయుదురు. వారికి పగలు రేయి యను భేదము లేదు.

మన తూర్పుసముద్రమునకును ఇట్టి నావలు వచ్చినవి. 1908-09లో గోల్డెన్ క్రౌన్ అను ట్రాలరు బంగాళాఖాతమున చేపలతావులను శోధించెను. 1927 మొదలు మద్రాసు ప్రభుత్వమువారి లేడీ గోషెన్ ఆ పనియే చేసెను.

ఇక యుద్ధము. 1914లో మొదలైన మహాసంగ్రామమున శత్రువులు నీటిలో మందుపాతరలు దాచిరి. వానిని తీయుటకు వల యీడ్చుట నేర్చినవారినే పిలిచిరి. రెండు ట్రాలర్లు ప్రక్కప్రక్కల సాగుచు నడుమ నుక్కుత్రాటి నీడ్చును. అది మందుపాతర కట్టును తెంపగా మందుపాతర పైకి తేలును. దానిని దూరమునుండి కాల్చి పేల్చుదురు. త్రాటికంటె ముందు నావయే తగిలినచో నావికుల గతి చెప్పనేల? ఆ యుద్ధమున రెండు వందలకు పైగా ట్రాలర్లు మునిగెను. రెండవ యుద్ధమున, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడెను. ఆ యుద్ధకాలముననే మందుపాతరలు తీయు ట్రాలర్లను మన దేశమునను కట్టిరి.

త్రాడు మాఱలేదు, కొలిమి మాఱలేదు, పనివాడును మాఱలేదు. నిన్న చేపకై వంగిన నడుము నేడు మృత్యువును వెదకుటకు వంగినది. జీతము కొఱకు పోయినవాడు ఊరి ప్రాణము కొఱకు పోయెను.

డీజిలు నావలు వచ్చి ఆవిరి ట్రాలర్లు మూలబడినవి. కాని ఈడ్పువల పెద్దచేపను పిల్లచేపను ఏకముగ నూడ్చును. అందుచేతనే మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు యంత్రపునావల వేట నిషిద్ధము. బలమునకు హద్దు కావలయును.

నేను బడిపంతులుగ నున్న దినములలో రాత్రిపాళీ తండ్రి యింకను ఇల్లు చేరనిచో ఆ పిల్లవాని చూపు పలకపై నిలిచెడిది కాదు, వాకిటనే యుండెడిది. కడలియొడ్డున ట్రాలరువాని బిడ్డ చూపును అట్టిదే. దీపము వెలిగించునపుడు, అన్నము ముట్టునపుడు, మన కంటికి కానరాని లోతున పనిచేయువానిని ఒక్కసారి తలపుడు. అదియే నా విన్నపము.

సెలవు.